ఇండామిటబుల్ ఎక్కిన కెప్టెన్: గస్ రిస్మన్ కథ

ఈ ఏడాది సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు, "మీరు విక్రాంత్ మీద పనిచేశారు కదా, ఆ జ్ఞాపకాలు వ్రాయండి" అన్నారు. విక్రాంత్ గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు, నాకంటే బాగా వ్రాయగలవాళ్లు మన సభ్యుల్లోనే చాలామంది ఉన్నారు. అందుకని నేను వేరే విమానవాహక నౌక గురించి, అది మోసుకెళ్లిన ఒక ఆటగాడి గురించి వ్రాస్తాను. ఆయన ఆడిన ఆట మనలో చాలామందికి తెలియదు. ఆయన పేరైతే అసలే తెలియదు. అయినా ఓపికగా చివరిదాకా చదివితే ఇది మన యూనిఫాం వాళ్ల కథే అని మీరే అంటారు.

2024 వేసవిలో మాంచెస్టర్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లాను. నెల రోజులు ఇంట్లో కూర్చుంటే నాన్నకు తోచదని వాడు ఒక శనివారం కారులో వేల్స్ తీసుకెళ్లాడు. కార్డిఫ్ ఓడరేవు చూపిస్తే సంతోషిస్తాడని వాడి ఆలోచన. ఒకప్పుడు ప్రపంచం నలుమూలలకూ బొగ్గు పంపిన రేవు అది. ఇప్పుడు అక్కడ ఓడల కంటే హోటళ్లే ఎక్కువ. ఆ రేవు ఒడ్డున ముగ్గురు ఆటగాళ్ల కంచు విగ్రహం ఉంది. 2023లో పెట్టారు. బిల్లీ బోస్టన్, క్లైవ్ సల్లివన్, గస్ రిస్మన్ అని పేర్లు. మా అబ్బాయి ఫోనులో చూసి, "ఈ మూడో ఆయన 1946లో ఇండామిటబుల్స్ అనే జట్టుకి కెప్టెన్ అట నాన్నా. హెచ్.ఎమ్.ఎస్. ఇండామిటబుల్ అనే యుద్ధనౌకలో ఆస్ట్రేలియా వెళ్లారట, అందుకే ఆ పేరు" అన్నాడు.

"ఆ ఓడ నాకు తెలుసురా" అన్నాను. వాడు నమ్మలేదు.

ఆ ఓడ, మన ఊరు

నేను పుట్టింది విశాఖపట్నం పాత పోస్టాఫీసు దగ్గర. మా నాయనమ్మ ఏ సంఘటన చెప్పినా "బాంబులు పడ్డాక", "బాంబులు పడకముందు" అని లెక్క చెప్పేది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. బంగాళాఖాతంలోకి చొరబడిన ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలవి. ఆ ఒకటి రెండు రోజుల్లో మన తూర్పు తీరం వెంబడి ఇరవై దాకా సరుకు ఓడలు మునిగిపోయాయి. జనం బళ్లు కట్టుకుని పల్లెలకు పారిపోయారు. మావాళ్లు చోడవరం వెళ్లి తలదాచుకున్నారట. "మన ఓడలు ఏవిరా అప్పుడు? ఎందుకు రాలేదు?" అని నాయనమ్మ అడిగేది. నేను నేవీలో చేరాక కూడా, అదేదో నా తప్పయినట్టు నన్నే అడిగేది.

సర్వీసులో చదువుకున్నాక ఆమె ప్రశ్నకు జవాబు దొరికింది. బ్రిటిష్ ఈస్టర్న్ ఫ్లీట్ అప్పుడు హిందూ మహాసముద్రంలోనే ఉంది. అడ్మిరల్ సోమర్విల్ దగ్గర ఉన్న రెండు కొత్త విమానవాహక నౌకల్లో ఒకటి ఫార్మిడబుల్, రెండోది ఇండామిటబుల్. మాల్దీవుల్లోని అడ్డు అటోల్ రహస్య స్థావరంగా చేసుకుని ఆ నౌకాదళం జపానువాళ్ల కోసం వెతుకుతోంది. ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి జరిగింది. డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు క్రూయిజర్లు అదే రోజు మునిగాయి. 9న ట్రింకోమలీ మీద దాడి జరిగింది, హెర్మిస్ మునిగింది. తమకంటే ఎన్నో రెట్లు బలమైన శత్రువుకు దొరక్కుండా ఉన్న ఓడల్ని దక్కించుకోవడమే ఆ రోజుల్లో సోమర్విల్‌కు గగనమైంది. విశాఖపట్నం దాకా వచ్చే పరిస్థితి లేదు.

ఆ తరువాత ఇండామిటబుల్ పడిన దెబ్బలు అన్నీ ఇన్నీ కావు. 1942 ఆగస్టులో మాల్టా దీవికి సరుకులు చేర్చే పెడెస్టల్ ఆపరేషన్‌లో బాంబులు తగిలి డెక్ చీలిపోయింది. 1943 జూలైలో సిసిలీ దగ్గర టార్పెడో తగిలింది. 1945 మే నెలలో పసిఫిక్‌లో ఒక ఆత్మాహుతి విమానం డెక్ మీద పడి జారి సముద్రంలోకి పోయింది. అన్నిటినీ తట్టుకుని, యుద్ధం ముగిశాక హాంకాంగ్‌ను తిరిగి స్వాధీనం చేసుకున్న దళంలో నిలబడింది. ఇండామిటబుల్ అంటే లొంగనిది అని అర్థం. పేరుకు తగ్గట్టే బతికింది. అలాంటి ఓడ 1946లో ఆటగాళ్లను మోసింది. వాళ్ల కెప్టెన్ గస్ రిస్మన్.

టైగర్ బే కుర్రాడు

అగస్టస్ జాన్ ఫెర్డినాండ్ రిస్మన్ 1911 మార్చి 21న కార్డిఫ్ రేవు పేటలో పుట్టాడు. ఆ పేటను టైగర్ బే అనేవారు. తండ్రి లాత్వియా నుంచి వచ్చిన నావికుడు. సోమాలీలు, యెమెన్ వాళ్లు, పశ్చిమ ఆఫ్రికా వాళ్లు, వెస్టిండీస్ వాళ్లు, నార్వే వాళ్లు, మన దేశం నుంచి వెళ్లిన లస్కర్లు అందరూ ఆ నాలుగు వీధుల్లోనే ఉండేవారు. 1919లో అదే కార్డిఫ్‌లో రంగు పేరుతో అల్లర్లు జరిగి ప్రాణాలు పోయాయి. అప్పటికి మన కథానాయకుడికి ఎనిమిదేళ్లు. తరువాత కుటుంబం పక్కనే ఉన్న బారీ అనే రేవు పట్టణానికి మారింది. కుర్రాడు అక్కడ బడిలో, చిన్న క్లబ్బుల్లో రగ్బీ ఆడుతూ పెరిగాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి, లేకపోతే కథ అర్థం కాదు. రగ్బీ ఒకటి కాదు, రెండు. రగ్బీ యూనియన్‌లో జట్టుకు 15 మంది, రగ్బీ లీగ్‌లో 13 మంది. ఈ చీలిక 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్‌లో జరిగింది. ఉత్తర ఇంగ్లాండ్ క్లబ్బుల్లో ఆడేవాళ్లు గనుల్లో, మిల్లుల్లో కూలీలు. శనివారం ఆటకు వస్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి వరకైనా, రోజుకు ఆరు షిల్లింగులు ఇప్పించండి అని క్లబ్బులు అడిగాయి. ఆట పెద్దమనుషులు ఒప్పుకోలేదు. డబ్బు ముట్టినవాడు మైలపడినట్టే అన్నారు. దానితో ఉత్తరాది క్లబ్బులు విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నాయి. అదే తరువాత రగ్బీ లీగ్ అయింది.

యూనియన్ పెద్దలు ఎంత పట్టుదలగా ఉన్నారంటే, లీగ్‌లో డబ్బు తీసుకుని ఆడినవాడికి యూనియన్ తలుపులు జన్మలో మళ్లీ తెరుచుకోవు. లీగ్ క్లబ్బుకు వెళ్లి ఒక ట్రయల్ మ్యాచ్ ఆడినా అంతే. మన పల్లెల్లో వెలివేయడం అంటామే, అచ్చంగా అదే.

ఇంతకీ అదే రగ్బీ యూనియన్‌కు మన రూపాయలతో ఒక బంధుత్వం ఉంది. కలకత్తాలో తెల్లవాళ్లు 1873లో ఒక రగ్బీ క్లబ్బు పెట్టుకున్నారు. కొన్నేళ్లకు సభ్యులు తగ్గి క్లబ్బు మూతపడితే, బ్యాంకులో మిగిలిన డబ్బంతా వెండి రూపాయలుగా తీసి, 270 రూపాయలు కరిగించి ఒక కప్పు చేయించారు. మూడు నాగుపాముల పిడులు, మూత మీద ఏనుగు. 1879 నుంచి ఇంగ్లాండ్, స్కాట్లాండ్ ఆ కలకత్తా కప్పు కోసమే ఆడుతున్నాయి. రూపాయలతో చేసిన కప్పు ముద్దు, షిల్లింగు తీసుకున్న ఆటగాడు చేదు! ఏ మాటకా మాటే చెప్పుకోవాలి.

ఉత్తరానికి వలస

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత దక్షిణ వేల్స్ దెబ్బతింది. బొగ్గుకు గిరాకీ పడిపోయింది. 1926లో గని కార్మికుల సమ్మె నెలల తరబడి నడిచి, చివరికి ఆకలితో ముగిసింది. గనులు మూతపడ్డాయి. రగ్బీ వేల్స్ వాళ్ల ప్రాణం, కానీ ప్రాణం కడుపు నింపదు కదా! లాంకషైర్, యార్క్‌షైర్ లీగ్ క్లబ్బుల మనుషులు జేబులో డబ్బు పెట్టుకుని వేల్స్ పల్లెలకు వచ్చేవారు. రెండు యుద్ధాల మధ్య పదుల సంఖ్యలో వేల్స్ జాతీయ ఆటగాళ్లే అలా ఉత్తరానికి వెళ్లిపోయారు. ఇంకా పేరు రాని కుర్రాళ్లకు లెక్కే లేదు. వెళ్లినవాడికి ఉద్యోగం, మ్యాచ్‌కు ఇంతని డబ్బు. వెళ్లిననాటి నుంచి సొంత ఊరి క్లబ్బుకు పరాయివాడు.

రిస్మన్ కంటే ముందు ఆ దారిలో వెళ్లినవాళ్లలో అందరికంటే గొప్పవాడు జిమ్ సల్లివన్. ఆయనదీ కార్డిఫే. 1921లో 17 ఏళ్ల వయసులో 750 పౌండ్లు తీసుకుని విగన్ క్లబ్బులో చేరాడు. తరువాత పాతికేళ్లు అక్కడే ఆడాడు. 1929లో లీగ్ ఛాలెంజ్ కప్ ఫైనల్ మొదటిసారి లండన్ వెంబ్లీ మైదానంలో జరిగితే, గెలిచిన విగన్ జట్టు కెప్టెన్ ఆయనే.

అదే 1929లో 18 ఏళ్ల రిస్మన్ మాంచెస్టర్ పక్కనే ఉన్న సాల్ఫర్డ్ క్లబ్బులో అడుగుపెట్టాడు. అక్కడి మేనేజర్ లాన్స్ టాడ్ న్యూజిలాండ్ నుంచి వచ్చిన పాత ఆటగాడు, మనుషుల్ని ఎంచడంలో దిట్ట. తన దగ్గర చేరిన కుర్రాళ్లతో ఆయన పదేళ్లలో సాల్ఫర్డ్‌ను ఎక్కడికో తీసుకెళ్లాడు. 1933, 1937, 1939 సంవత్సరాల్లో సాల్ఫర్డ్ లీగ్ ఛాంపియన్. ఆ పదేళ్లూ జట్టుకు వెన్నెముక రిస్మన్. నిదానంగా కనిపించేవాడు, తొందరపడేవాడు కాదు, గోల్ తన్నితే గురి తప్పేది అరుదు. సెంటర్‌గా ఆడాడు, ఫుల్ బ్యాక్‌గా ఆడాడు, జట్టుకు ఏది కావాలంటే అది ఆడాడు.

1934లో ఫ్రాన్స్‌లో లీగ్ ఆట కొత్తగా మొదలైతే, దాన్ని పరిచయం చేయడానికి సాల్ఫర్డ్ జట్టే వెళ్లి ఆడిన ఆరు మ్యాచ్‌లూ గెలిచింది. ఎర్ర చొక్కాలు చూసి అక్కడి వాళ్లు "ఎర్ర దయ్యాలు" అని పేరు పెట్టారు. ఆ పేరు క్లబ్బుకు అలాగే నిలిచిపోయింది. పాపం, ఫ్రాన్స్‌లో ఆ ఆటకు పట్టిన గతి కూడా చెప్పుకోవాలి. జర్మనీకి లొంగిన విషీ ప్రభుత్వం 1941 డిసెంబరులో రగ్బీ లీగ్‌ను నిషేధించి, దాని ఆస్తులు స్వాధీనం చేసుకుంది. కూలీనాలీ జనం ఆడుకునే ఆట మీద కూడా ప్రభుత్వాలకు కక్షలుంటాయి.

1938 మే నెలలో వెంబ్లీలో ఛాలెంజ్ కప్ ఫైనల్, సాల్ఫర్డ్‌కు బారో జట్టుతో పోటీ. చివరి నిమిషాల్లో వచ్చిన ట్రైతో సాల్ఫర్డ్ 7–4తో గెలిచింది. కెప్టెన్ రిస్మన్ చేతికి కప్పు అందించింది ఎవరో తెలుసా? సర్ డాన్ బ్రాడ్‌మన్! అప్పటికి ఇంకా సర్ బిరుదు రాలేదు లెండి. ఆస్ట్రేలియా క్రికెట్ జట్టుతో ఇంగ్లాండ్ వచ్చి ఉన్నాడు. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగని మన పాఠకులకు ఈ ఒక్క మాటతోనైనా రిస్మన్ గుర్తుండిపోతాడని ఆశ.

1932లో జిమ్ సల్లివన్ కెప్టెన్సీలో, 1936లో మరోసారి, రిస్మన్ బ్రిటన్ జట్టుతో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లివచ్చాడు. రెండుసార్లూ ఆస్ట్రేలియా మీద బ్రిటన్‌దే గెలుపు. ఇంత పేరు వచ్చినా, కార్డిఫ్‌లో యూనియన్ జట్టులో ఒక్క మ్యాచ్ ఆడే అర్హత మాత్రం ఆయనకు లేదు.

యూనిఫాం వేసుకున్నాక

1939 సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. 28 ఏళ్ల రిస్మన్ ఆర్మీలో చేరాడు. సైన్యంలో ఆడేది రగ్బీ యూనియనే, అది ఆఫీసర్ల ఆట. ఇప్పుడు గనుల నుంచి, మిల్లుల నుంచి లీగ్ ఆటగాళ్లు వందల్లో భర్తీ అవుతున్నారు. ఒక బెటాలియన్‌లో వాళ్లుండగా, వాళ్లను పక్కన కూర్చోబెట్టి ఆడుకుంటే ఎలా ఉంటుంది? నవంబరు వచ్చేసరికి ఇంగ్లాండ్ రగ్బీ యూనియన్ ఒక మెట్టు దిగింది. దళాల్లో ఉన్న లీగ్ ఆటగాళ్లు యుద్ధం జరిగినన్నాళ్లూ యూనియన్ ఆడవచ్చు అని ప్రకటించింది. 44 ఏళ్ల వెలి ఒక్క కాగితంతో పోయింది.

అలా రిస్మన్ తన తోటి లీగ్ ఆటగాళ్లతో కలిసి ఆర్మీ తరఫున, ఆ తరువాత సర్వీసెస్ అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో వేల్స్ తరఫున యూనియన్ ఆడాడు. కూటి కోసం ఊరు విడిచిన కుర్రాడు, పదేళ్ల తరువాత సిపాయిగా తిరిగి వచ్చి వేల్స్ ఎర్ర చొక్కా తొడుక్కుని యూనియన్ మైదానంలో నిలబడ్డాడు. ఆయన్ని రెండు ఆటల ఆటగాడు అనడం ఈ యుద్ధం పుణ్యమే.

ఇంకో విశేషం. 1943 జనవరిలో లీడ్స్ నగరంలోని హెడింగ్లీలో నార్తర్న్ కమాండ్ వాళ్లు ఒక మ్యాచ్ పెట్టారు. లీగ్ ఆటగాళ్లు ఒకవైపు, యూనియన్ ఆటగాళ్లు ఒకవైపు. ఆట మాత్రం యూనియన్ నియమాలతోనే. లీగ్ వాళ్లు 18–11తో గెలిచారు. 1944 ఏప్రిల్‌లో బ్రాడ్‌ఫర్డ్‌లో మూడు దళాలూ కలిపి మళ్లీ అలాంటి మ్యాచ్ పెడితే, మళ్లీ లీగ్ వాళ్లే 15–10తో గెలిచారు. అవతలివాళ్ల ఆటలో, అవతలివాళ్ల నియమాలతో గెలవడం చిన్న విషయం కాదు. సర్వీసెస్‌లో ఆడినవాళ్లకు ఆ కష్టం తెలుస్తుంది.

లొంగనివాళ్లు

యుద్ధం అయిపోయింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం బ్రిటన్ జట్టును పంపమని అడిగింది. ప్రయాణీకుల ఓడలు లేవు. ఉన్నవన్నీ సైనికుల్ని ఇళ్లకు చేర్చే పనిలో ఉన్నాయి. చివరికి నౌకాదళమే దారి చూపింది. 1946 ఏప్రిల్ మొదట్లో 26 మంది ఆటగాళ్లు డెవన్‌పోర్ట్ రేవులో ఇండామిటబుల్ ఎక్కారు. చాలామంది అప్పుడే యూనిఫాం విప్పినవాళ్లు. కెప్టెన్ రిస్మన్‌కు 35 ఏళ్లు.

విమానవాహక నౌక మీద బతుకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇనుప గదుల్లో వేడి, రాత్రంతా యంత్రాల మోత, స్నానానికి కొలిచి ఇచ్చే నీళ్లు. మేము విక్రాంత్ హ్యాంగర్‌లో విమానాలు లేనప్పుడు వాలీబాల్ ఆడేవాళ్లం. వాళ్లు కూడా అదే డెక్ మీద, ఆత్మాహుతి విమానం జారిపోయిన ఆ డెక్ మీదే, పరుగులు తీసి ఒళ్లు సవరించుకుని ఉంటారు. ఏప్రిల్ చివర పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్‌లో దిగారు. అక్కడి నుంచి ఎడారి మీదుగా సిపాయిల రైల్లో రోజుల తరబడి ప్రయాణం చేసి సిడ్నీ చేరారు. ఏళ్ల తరబడి రేషన్ తిండి తిన్నవాళ్లకు ఆస్ట్రేలియాలో మాంసం, గుడ్లు, పళ్లు చూస్తే పండగే.

జూన్ 17న సిడ్నీలో మొదటి టెస్టు. మొదటి భాగంలోనే బ్రిటన్ ఆటగాడు ఒకరిని రిఫరీ బయటకు పంపేశాడు. మిగతా ఆటంతా 12 మందే ఆడి 8–8తో నిలబడ్డారు. జూలై 6న బ్రిస్బేన్‌లో 14–5, జూలై 20న మళ్లీ సిడ్నీలో 20–7. ఒక్క టెస్టు కూడా ఓడిపోకుండా ఆస్ట్రేలియా నుంచి సిరీస్ గెలుచుకుని వచ్చిన బ్రిటన్ జట్టు అదొక్కటే. ఓడ పేరే జట్టు పేరయింది, ఇండామిటబుల్స్.

ఇంత చెప్పి ఒకటి దాచడం న్యాయం కాదు. ఆ ఓడ ఎక్కవలసిన ఇంకొకడు ఎక్కలేదు. వేల్స్‌లో బ్రిన్‌మార్ అనే ఊరివాడు, రాయ్ ఫ్రాన్సిస్. నల్లజాతివాడు, యుద్ధంలో ఆర్మీలో పనిచేసినవాడు, ఆనాటి మేటి వింగర్లలో ఒకడు. అప్పటి ఆస్ట్రేలియాలో ఉన్న వర్ణవివక్షకు జడిసి పెద్దలు ఆయన్ని ఎంపిక చేయలేదని చరిత్రకారులు వ్రాశారు. 1947లో న్యూజిలాండ్ మీద ఆయన బ్రిటన్‌కు ఆడాడు. తరువాత హల్ క్లబ్బుకు కోచ్ అయి, ఆ ఆటలో శిక్షణ పద్ధతుల్నే మార్చేశాడు. నా దృష్టిలో ఇండామిటబుల్స్ 26 మంది కాదు, 27 మంది.

నలభై దాటాక

1946 టూరు నుంచి రాగానే రిస్మన్ వర్కింగ్‌టన్ టౌన్ అనే కొత్త క్లబ్బులో చేరాడు. ఇంగ్లాండ్ వాయవ్య మూలన, బొగ్గు గనులు, ఉక్కు కర్మాగారం ఉన్న చిన్న పట్టణం. క్లబ్బు పుట్టి అప్పటికి ఏడాది. ఆటగాడూ ఆయనే, మేనేజరూ ఆయనే. 1951లో ఆ జట్టు లీగ్ ఛాంపియన్. 1952 ఏప్రిల్ 19న వెంబ్లీలో ఛాలెంజ్ కప్ ఫైనల్, ఫెదర్‌స్టోన్ రోవర్స్ మీద 18–10తో గెలుపు. కప్పు అందుకున్న కెప్టెన్ వయసు 41 ఏళ్ల 29 రోజులు. బ్రాడ్‌మన్ చేతి నుంచి మొదటిసారి అందుకుని 14 ఏళ్లు. ఆ మధ్యలో ఒక ప్రపంచ యుద్ధం. 

1954లో 43 ఏళ్ల వయసులో ఆట మానేశాడు. 25 ఏళ్ల ఆట, 870కి పైగా మ్యాచ్‌లు, 4 వేలకు పైగా పాయింట్లు. బ్రిటన్‌కు 17, వేల్స్‌కు 18 లీగ్ టెస్టులు. మన సర్వీసులో పెన్షన్ రావడానికి పట్టే కాలం కంటే ఎక్కువే ఆడాడు.

యుద్ధం ముగిశాక యూనియన్ వాళ్ల పాత గీత మళ్లీ వెలిసింది. రిస్మన్ కొడుకు బెవ్ రిస్మన్ మొదట యూనియన్ ఆడి, 1959లో బ్రిటిష్ లయన్స్ జట్టుతో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లాడు. 1961లో లీగ్‌కు మారి, 1968 ప్రపంచ కప్‌లో బ్రిటన్ లీగ్ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. మారిన రోజు నుంచి ఆయనకూ యూనియన్ తలుపు మూసుకుంది. బ్రిటిష్ సాయుధ దళాలు రగ్బీ లీగ్‌ను తమ అధికారిక క్రీడగా గుర్తించింది 1994లో. అదే సంవత్సరం అక్టోబరు 17న గస్ రిస్మన్ కన్నుమూశాడు. 1995 ఆగస్టులో రగ్బీ యూనియన్ తానే డబ్బు ఆట అయిపోయింది. ఆరు షిల్లింగుల కోసం వెలివేసి సరిగ్గా వందేళ్లు. ఆ ముచ్చట చూడడానికి ఆయన పది నెలలు తక్కువ బతికాడు.

నా కథ కొంచెం

ఈ కథ నన్ను ఎందుకు పట్టుకుందో చెప్పి ముగిస్తాను. 1982 సంక్రాంతికి సెలవు మీద వెళ్లాను. మా అమ్మమ్మగారి ఊరు భీమునిపట్నం దగ్గర. పండక్కి కబడ్డీ పోటీలు పెడితే ఊరి జట్టులో ఆడాను. గెలిచాం. నా వంతుకు డెబ్బై రూపాయలు, ఒక తువ్వాలు వచ్చాయి. ఆ డెబ్బై అమ్మ చేతిలో పెట్టాను. యూనిట్‌కు తిరిగి వెళ్లాక ఎవరో ఈ సంగతి చేరవేశారు. ఆ యూనిట్ పేరు, మనుషుల పేర్లు ఇప్పుడెందుకు? "డబ్బుకి ఆడినవాడు మన జట్టులో వద్దు" అన్నారు. ఆ సీజనంతా గీత అవతల నిలబడి తోటివాళ్ల బట్టలు కాపలా కాశాను. మర్నాటి ఏడు ఒక పెద్ద పోటీకి ముందు మా రైడర్‌కు మోకాలు పోయింది. అప్పుడు పిలిచి, "అదంతా వదిలెయ్యి, నువ్వు దిగాలి" అన్నారు. దిగాను, గెలిచాం. ఎవరూ తప్పు ఒప్పుకోలేదు, నేనూ అడగలేదు. చాలా ఏళ్లు ఆ చేదు మాత్రం మిగిలింది.

కార్డిఫ్‌లో ఆ విగ్రహం ముందు నిలబడ్డప్పుడు ఆ డెబ్బై రూపాయలు గుర్తొచ్చాయి. అవసరం వచ్చినప్పుడు గీత చెరిపేస్తారు, అవసరం తీరాక మళ్లీ గీస్తారు. పదవీ విరమణ చేసి బయటి ఉద్యోగాల కోసం తిరిగిన మన సభ్యుల్లో ఎంతమందికి ఇది అనుభవం కాదు? సరిహద్దులో ఉన్నప్పుడు అందరికీ మనవాడే. పెన్షన్ కాగితం పట్టుకుని కౌంటర్ ముందు నిలబడ్డప్పుడు ఎవడో తెలియదు. అయితే రిస్మన్ బతుకు చూస్తే నాకు ఇంకో సంగతి తోచింది. గీతలు గీసినవాళ్ల మీద కోపంతో ఆయన ఆట మానలేదు. చెరిపినప్పుడు ఆడాడు, గీసినప్పుడూ తన వైపున తాను ఆడాడు. 41 ఏళ్లకు వెంబ్లీలో కప్పెత్తాడు. మనకీ అంతకంటే మార్గం కనిపించదు. కాకపోతే మన తరువాతి వాళ్లకైనా ఆ గీతలు లేకుండా చూడడం మన బాధ్యత. యూనిట్లలో ఆటల బాధ్యత చూస్తున్న సోదరులు ఎవరైనా ఇది చదివితే, పండక్కి ఊళ్లో ఆడి నాలుగు రూపాయలు ఇంట్లో ఇచ్చిన కుర్రాడిని గీత అవతల నిలబెట్టవద్దని నా మనవి.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో మా అబ్బాయికి నాయనమ్మ ప్రశ్న చెప్పాను. "మన ఓడలు ఏవిరా అప్పుడు?" వాడు కాసేపు ఆలోచించి, "ఇప్పుడు ఉన్నాయి కదా నాన్నా" అన్నాడు. నిజమే. విశాఖపట్నంలో మన తూర్పు నౌకాదళం ఉంది, 2022లో కొత్త విక్రాంత్ కూడా వచ్చింది. నాయనమ్మ ఉంటే ఆ మాట చెప్పి ఆమె లెక్క సరిచేసేవాణ్ని.

జై హింద్.